పదవీ విరమణ వయస్సు: పూర్వాపరాలు

నిరుద్యోగ యువతకు అవకాశాలు కల్పించు ఉద్దేశంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1983 ఫిబ్రవరిలో ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 సంవత్సరముల నుండి 55కు తగ్గించినది. ఫలితంగా 18 వేలమందికి పైగా ప్రభుత్వోద్యోగులు, సుమారు 10 వేలమంది ప్రభుత్వరంగ సంస్థల సిబ్బంది ఒక్కసారిగా విధులనుండి వైదొలగవలసి వచ్చినది. 1984 ఆగస్టు 23 నుండి 58 సంవత్సరముల పరిమితి పునరుద్ధరింపబడినది.

తగ్గింపు చెల్లునని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయితే పునరుద్ధరణ నాటికి 58 నిండని విరమితులను తిరిగి విధులలోకి తీసుకొనవలసినదిగా అదే సంవత్సరం మరొక తీర్పులో ఆదేశించినది. ఈ రెండింటినీ ఒకే తీర్పుగా ఉటంకించుట సరికాదు.

రాష్ట్ర విభజన అనంతర మార్పులన్నీ పెంపుదలలే: ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62, తెలంగాణలో 2021లో 61. విరమణల వలన ఏర్పడవలసిన ఖాళీలు ఆ మేరకు వాయిదా పడినవి.