నల్లమందు, గర్భిణి, ఆసుపత్రి: విశాఖ ప్రాంతంలో నమ్మకానికి చరిత్ర

1. పరిచయం

విశాఖపట్నం అనగానే మనకు ఓడరేవు, ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తాయి. ఈ భాగంలో ఆ నగరాన్నీ దాని వెనుక ఉన్న మన్యాన్నీ ఆధారం చేసుకుని ఒక ప్రశ్నను పరిశీలిద్దాం. నల్లమందుకు, దాని జాతి మందులకు అలవాటుపడిన గర్భిణి ఆ సంగతిని వైద్యుడికి చెప్పడానికి ఎందుకు భయపడుతుంది? ఆమె దాచిపెడితే తల్లీబిడ్డలిద్దరికీ ముప్పు. ఈ భయం వెనుక ఒక చరిత్ర ఉంది.

2. అమ్మిన ప్రభుత్వమే నిషేధించింది

1878 నల్లమందు చట్టం కింద బ్రిటిష్ ప్రభుత్వం లైసెన్సు దుకాణాల ద్వారా నల్లమందు అమ్మించి ఆదాయం పొందింది. మద్రాసు రాష్ట్రంలో విశాఖ మన్యం, గోదావరి ప్రాంతాల్లో దీని వాడకం ఎక్కువ. చలిజ్వరం రాకుండా కాపాడుతుందని మన్యం ప్రజలు నమ్మేవారు. ఏడ్చే పసిపిల్లలకు కొద్దిగా నాకించే అలవాటు దేశంలో చాలాచోట్ల ఉండేది. 1893లో నియమించిన రాయల్ కమిషన్ 1895లో నివేదిక ఇస్తూ నిషేధం అవసరం లేదంది. స్వాతంత్ర్యం వచ్చాక, 1949లో జరిగిన అఖిల భారత సమావేశం వైద్యేతర వాడకాన్ని పదేళ్లలో ఆపాలని నిర్ణయించింది. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. ఈ విధంగా నిన్నటి దుకాణపు కొనుగోలుదారు నేటి ముద్దాయి అయ్యాడు. ఈ మార్పుల్లో గర్భిణి గురించి ప్రత్యేకంగా ఆలోచించినవారు తక్కువ.

3. ఘోషా ఆసుపత్రి నేర్పే పాఠం

విశాఖలో ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిని ప్రజలు నేటికీ ఘోషా ఆసుపత్రి అంటారు. ఘోషా అంటే పరదా. పరపురుషుడైన వైద్యుడి ముందుకు రావడానికి ఆనాటి స్త్రీలు ఇష్టపడేవారు కాదు. 1885లో ఏర్పడిన డఫరిన్ నిధి, అదే ఏడాది మద్రాసులో మేరీ షార్లీబ్ ప్రారంభించిన ఘోషా ఆసుపత్రి ఈ ఇబ్బందిని గుర్తించాయి. స్త్రీ వైద్యులను, చాటు గదులను ఏర్పాటు చేశాక స్త్రీలు రాసాగారు. రోగిని తప్పుపట్టకుండా ఆసుపత్రి తన పద్ధతిని మార్చుకుంటే నమ్మకం పుడుతుందని ఈ ఉదాహరణ చెబుతుంది.

4. నేటి చట్టం, వైద్యం

విశాఖలో ఇటీవల నొప్పి తగ్గించే పెంటాజోసిన్ ఇంజెక్షన్లు మత్తుకోసం అక్రమంగా అమ్ముతూ పట్టుబడిన సంఘటనలున్నాయి. ఇలాంటి మందుకు అలవాటుపడిన గర్భిణికి దాన్ని హఠాత్తుగా ఆపించడం ప్రమాదకరం. వైద్యుల పర్యవేక్షణలో మెథడోన్ లేదా బ్యూప్రెనార్ఫిన్ కొనసాగించడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో సూచించింది. పుట్టిన బిడ్డకు మందు లోటు వల్ల బాధలు వచ్చినా వాటికి చికిత్స ఉంది.

1985 చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చిన వ్యసనపరులకు కొన్ని నేరాల్లో విచారణ నుంచి రక్షణ ఉంటుంది. అయితే చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణను ఉపసంహరించవచ్చు. మళ్లీ మందుకు లోబడటం ఈ జబ్బు లక్షణమే కనుక, ఈ షరతు గర్భిణిని వెనుకాడేలా చేయగలదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచే హక్కు ఇచ్చింది. వ్యసన సంబంధ సమస్యలూ దాని పరిధిలోకి వస్తాయి.

5. ఒక పోలిక

నమ్మకం ఎలా చెడుతుందో చూపే ఉదాహరణ అమెరికాలో ఉంది. చార్లెస్టన్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి 1989 నుంచి గర్భిణుల మూత్రాన్ని పరీక్షించి, కొకైన్ ఆనవాళ్లు కనిపిస్తే పోలీసులకు తెలియజేసింది. కొందరిని అరెస్టు చేశారు. రోగి సమ్మతి లేకుండా పోలీసుల కోసం ఇలా పరీక్షించడం రాజ్యాంగ విరుద్ధమని 2001లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అక్కడి మత్తుమందు వేరైనా, వైద్యుడి వెనుక పోలీసు నిలబడితే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం ఒకటే.

6. సారాంశం

నల్లమందు విషయంలో ప్రభుత్వం మొదట వ్యాపారిగా, తర్వాత శిక్షించే అధికారిగా ప్రజల ముందుకు వచ్చింది. వైద్యుడిగా రావడం ఆలస్యమైంది. గర్భిణి నోరు విప్పాలంటే చెప్పినది బయటకు పోదన్న భరోసా, శిక్ష ఉండదన్న హామీ, మందు ఆగిపోదన్న నిశ్చింత ఉండాలి. పరదా ఉన్న కాలంలో ఘోషా ఆసుపత్రి సాధించినదాన్ని ఇప్పుడు కంటికి కనిపించని పరదా విషయంలోనూ సాధించవలసి ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1) 1878, 1985 చట్టాల మధ్య ప్రభుత్వ పాత్ర ఎలా మారింది?
2) ఘోషా ఆసుపత్రుల అనుభవం నేటి గర్భిణుల చికిత్సకు ఎలా ఉపయోగపడుతుంది?
3) 64ఎ సెక్షన్ ఇచ్చే రక్షణ, దాని పరిమితులను వివరించండి.