వాయిడ్ పాయింటర్‌కి ఒకటి కలిపితే ఎంత దూరం?

విజయనగరం, శ్రీకాకుళం వైపు బీటెక్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే. "అన్నా, వాయిడ్ పాయింటర్‌కి ఒకటి కలిపితే ల్యాబ్‌లో టర్బో సీ ఎర్రర్ ఇస్తంది, జీసీసీలో రన్ అయిపోతంది. ఏటిది?" క్యాంపస్ టెస్టులో ఇలాంటి బిట్ వస్తే మార్కు గాల్లో దీపమే.

కళ్లంలో "ఇంకో రెండు కొలువు" అన్నారనుకోండి. చేతిలో కుంచం ఉంటే రెండు కుంచాలు, సోల ఉంటే రెండు సోలలు. ఏ కొలతో తెలీకపోతే ఆ రెండుకి అర్థమే లేదు. పాయింటరూ అంతే. ఇంట్ పాయింటర్‌కి ఒకటి కలిపితే ఒక ఇంట్ దాటుతుంది: టర్బో సీలో 2 బైట్లు, ఇప్పటి మెషీన్లలో మామూలుగా 4. వాయిడ్ పాయింటర్ దగ్గర అడ్రస్ ఉంది, కొలతే లేదు.

అసలు సీకి టైపులు రావడానికి ఒక కారణం ఈ కొలత గొడవే. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ చేసిన బీ భాషలో టైపులు లేవు, అంతా వర్డ్‌లే. పాయింటర్ అంటే ఎన్నో నంబర్ వర్డ్ అని. 1970లో వచ్చిన పీడీపీ-11 మెషీన్‌కేమో అడ్రస్ బైట్లలో కావాలి. దాంతో పాయింటర్ వాడిన ప్రతిసారీ ప్రోగ్రామ్ నడుస్తుండగానే వర్డ్ లెక్కని బైట్ లెక్కలోకి మార్చాల్సొచ్చేది. డెన్నిస్ రిచీ టైపులు పెట్టాక ఆ గుణకారం కంపైలర్ చూసుకుంది.

మరి ఏ టైపుకైనా పనికొచ్చే పాయింటర్? 1978లో కెర్నిగన్, రిచీ పుస్తకం వచ్చేనాటికి ఆ పని క్యారెక్టర్ పాయింటర్‌తోనే. దాని అడుగు ఒక బైట్. 1989 ఆన్సీ స్టాండర్డ్ ఆ పనికి వాయిడ్ పాయింటర్‌ని తెచ్చింది. మెమరీలో దాని రూపం క్యారెక్టర్ పాయింటర్‌లాగే ఉండాలంది గానీ, వాయిడ్‌కి సైజు లేదు కాబట్టి కూడికకి ఒప్పుకోలేదు. నాకైతే ఇదే న్యాయం అనిపిస్తుంది.

జీసీసీ మాత్రం తన సొంత ఎక్స్‌టెన్షన్‌గా వాయిడ్ సైజు 1 అనుకుని ముందుకెళ్తుంది. పాత క్యారెక్టర్ పాయింటర్ అడుగే అది. లినక్స్ కెర్నల్ కోడ్ దీన్ని హాయిగా వాడుకుంటుంది. అదే కోడ్ మైక్రోసాఫ్ట్ కంపైలర్‌కి ఇస్తే సైజు తెలీదని ఆపేస్తుంది.

కాబట్టి బిట్‌లో కంపైలర్ పేరు లేకపోతే స్టాండర్డ్ ప్రకారం అది చెల్లదనే పెట్టండి. జీసీసీ అని ఉంటే ఒక బైట్. మీ కోడ్‌లో అయితే ముందు క్యారెక్టర్ పాయింటర్‌గా క్యాస్ట్ చేసి అప్పుడు కలపండి, ఎక్కడైనా నడుస్తుంది. జీసీసీకి పెడాంటిక్ ఆప్షన్ ఇచ్చి ఇవాళే ఒకసారి రన్ చేసి చూడండి, ఇన్నాళ్లూ చెప్పని వార్నింగ్ అప్పుడు చెబుతుంది.