రెండు లిపుల ఊరికి ఏ జావాస్క్రిప్ట్ లైబ్రరీ?

చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలోని సాస్తి బొగ్గు గనుల ఊరు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగే వరకు రాజురా ప్రాంతం ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అందుచేత ఇక్కడ ఇంట తెలుగు, బడిలో మరాఠీగా పెరిగే పిల్లలు నేటికీ ఉన్నారు. ఇటువంటి ఊరికి వెబ్‌సైటు తయారుచేయదలచిన యువకులకు ఎదురయ్యే అసలు చిక్కు రంగులూ బొమ్మలూ కాదు. పేరు నింపే గడిలో రెండు లిపులూ పడాలి.

ఇందుకు ప్రోగ్రామును మొదటినుంచి రాయనక్కరలేదు. ఇతరులు రాసి ఉంచిన జావాస్క్రిప్ట్ లైబ్రరీలు కలవు. పేజీ మొత్తాన్ని మళ్లీ తెప్పించకుండా కావలసిన సమాచారాన్ని మాత్రమే సర్వరు నుంచి రప్పించే పద్ధతికి 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ 'అజాక్స్' అని పేరు పెట్టారు. 2006లో జాన్ రెసిగ్ విడుదల చేసిన జెక్వెరీ ఆ పనిని సులువు చేసింది. నేడు బ్రౌజర్లలోనే 'ఫెచ్' అనే సౌకర్యం ఉన్నందున, కేవలం అజాక్స్ కోసం లైబ్రరీ తెచ్చుకోవడం చలిమంట కోసం గని తవ్వినట్లే.

టైపు చేయించడం వేరు సంగతి. పత్రికల సొంత ఫాంట్లలోని తెలుగును యూనికోడ్‌లోకి మార్చేందుకు నాగార్జున వెన్న 'పద్మ'ను జావాస్క్రిప్ట్‌లో రాశారు. 2006లో వీవెన్ రూపొందించిన 'లేఖిని' ఆ పద్మ కోడు ఆధారంగానే వెలసింది. పద్మ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గనుక అది సాధ్యపడింది. లైబ్రరీని ఎంచుకొనేటప్పుడు దాని లైసెన్సును ముందుగా చదవవలసినది ఇందుకే.

సరిహద్దు ఊళ్లకు వికీమీడియా వారి 'జెక్వెరీ ఐఎంఈ' తగినది. తెలుగు వికీపీడియాలోనూ మరాఠీ వికీపీడియాలోనూ టైపు చేయించేది అదే. దీనికి జెక్వెరీ తోడు కావాలి. కుదించి పంపితే అది సుమారు 30 కిలోబైట్లు, బరువేమీ కాదు.

ఈ ఫైళ్లను సొంత సర్వరులోనే ఉంచుకోవాలి. ఇతర వెబ్‌సైట్లు వాడుకొనేందుకు గూగుల్ ఇచ్చిన లిప్యంతరీకరణ సేవకు 2011లోనే విరమణ ప్రకటన వెలువడింది. 2024లో పాలీఫిల్ డాట్ ఐఓ అనే చిరునామా చేతులు మారి, అక్కడి నుంచి లైబ్రరీని తెప్పించుకొంటున్న లక్షకు పైగా వెబ్‌సైట్లలోకి దుష్ట కోడు ప్రవేశించింది.

ఒక లిపిలో రాసిన పేరును మరొక లిపిలోకి దానంతటదే మార్చే లైబ్రరీలూ ఉన్నాయి. పేర్ల విషయంలో వాటిని నమ్మరాదు. మరాఠీ రాతలో హ్రస్వ 'ఎ', 'ఒ'లకు వేరే గుర్తులు వాడుకలో లేవు. 'కొమురయ్య'ను మరాఠీలో రాసి తిరిగి తెలుగులోకి మార్చితే 'కోమురయ్య' అవుతాడు. రేషన్ కార్డులో ఒకటి, బడి పట్టికలో మరొకటి అయితే సేతు కేంద్రం చుట్టూ తిరగవలసినది ఆ కుటుంబమే. కనుక రెండు గడులు పెట్టి, రెండింటినీ ఇంటివారి చేతనే నింపించడం మేలు.