దామనపల్లి ఘాట్‌లో మనవాళ్లు

జూలై 4 వస్తే మా హాస్టల్ పిల్లలు కాషాయం కట్టి, విల్లు పట్టి అల్లూరి వేషం వేస్తారు. చూడముచ్చటగా ఉంటుంది. ఈసారి వాళ్లనొక ప్రశ్న అడిగాను: "రాజుగారు మైదానం నుంచి వచ్చారు కదా, మరి ఈ కొండల్లో ఆయన పక్కన నడిచిందెవరు?" ఒక్కరూ నోరు విప్పలేదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అందుకే ఈ నాలుగు మాటలు.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడులు జరిగాయి. 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు చేతికొచ్చాయి. శత్రువు ఆయుధాలతోనే శత్రువుని ఎదుర్కోవాలన్నది మొదటి ఎత్తు.

సరిగ్గా నెలకు, సెప్టెంబరు 24న, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు పోలీసులను వెంటబెట్టుకుని దామనపల్లి ఘాట్ ఎక్కారు. ఇరుకు దారి, రెండు పక్కలా అడవి. మనవాళ్లు పైన మాటు వేశారు. ముందు నడుస్తున్న దేశీయ పోలీసులను పోనిచ్చారు. మనదేశం వాళ్లను చంపొద్దన్నది రాజుగారి మాట. తెల్ల అధికారులు గురికి అందాకే తుపాకులు పేలాయి. ఇద్దరూ అక్కడే చనిపోయారు.

తుపాకి పట్టి నెలరోజులే అయినవాళ్లు. ఒక్కరు తొందరపడినా అంతా చెడిపోయేది. ఆ ఓర్పును నేను ధైర్యం కన్నా పెద్దదిగా లెక్కేస్తాను.

రాజుగారికి కుడిభుజం బట్టిపనుకుల గాం గంటం దొర. మునసబు పని పోగొట్టుకున్న మనిషి. తమ్ముడు మల్లు దొర కూడా అన్న వెంటే నడిచాడు. వేగు తెచ్చినవాళ్లు, అర్ధరాత్రి అన్నం పెట్టిన ఊళ్లు లేకపోతే ఏ ఎత్తూ పారేది కాదు. సర్కారుకూ ఆ సంగతి తెలుసు, అందుకే ఆ ఊళ్లనూ పీడించింది.

అన్నీ గెలుపులే కావు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెంలో మనుషులూ పోయారు, తుపాకులూ పోయాయి. తర్వాత అస్సాం రైఫిల్స్ దిగింది. 1923లో మల్లు దొర పట్టుబడ్డాడు. 1924 మే 7న రాజుగారు, జూన్ 7న గంటం దొర నేలకొరిగారు. అండమాన్ జైలు చూసొచ్చిన మల్లు దొర 1952లో పార్లమెంటు సభ్యుడయ్యాడు.

ఇదంతా విని ఏడో తరగతి బాబు ఒకడు, "మేడమ్, వచ్చే ఏడు నేను గంటం దొరను. ఏం కట్టుకోవాలి?" అన్నాడు. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ తాతను అడిగి రమ్మన్నాను.