సర్కారు నాడి పట్టినవాళ్లు

జమాబంది రోజులు ఎరిగినవాళ్లు మదనపల్లె చుట్టుపక్కల ఇంకా కొందరున్నారు. ఏడాదికోసారి తాలూకా కచేరీ దగ్గర కరణాలంతా చేరేవారు. గుడ్డమూటల్లో అడంగళ్లు, చిఠాలు కట్టుకుని తెచ్చి పై అధికారి ముందు విప్పేవారు. ఏ సర్వే నంబరులో ఏం పండింది, ఎంత శిస్తు రావాలి, ఎంత వచ్చింది, బాకీ ఎందుకు నిలిచింది అని ఊరి వారీగా లెక్క తేలేది. సర్కారు తన ఒంట్లో ఎలా ఉందో తానే చూసుకోవడమంటే అదే. ఆ ముచ్చట అంతా లోపలివాళ్ల మధ్యే సాగేది, బయట చెట్టుకింద కూర్చున్న రైతుకు ఒక్క ముక్క చెవిన పడేది కాదు.

పక్కనున్న పుంగనూరులో ఆ మాత్రం కూడా లేదు. అది జమీందారీ. కుప్పం వైపు కంగుంది జమీందారీ. అక్కడ గోడు చెప్పుకోవాలంటే జమీందారు కచేరీకే పోవాలి. మదనపల్లె ప్రాంతాన్ని మాత్రం 1800లో నిజాం కడప సీమతోపాటు కుంపిణీకి వదిలేశాడు. దాంతో రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టాల్సి వచ్చింది. కట్టేవాడికి అడిగే హక్కు ఉంటుంది గనక, సర్కారు బాగుందా లేదా అన్న ప్రశ్న ఈ మూడు ఊళ్లలో ముందుగా మదనపల్లెలోనే పుట్టిందని నా నమ్మకం.

నిజాం వదిలేసిన ఆ సీమలనే దత్తమండలాలు అన్నారు. వాటిని 1800 నుంచి 1807 దాకా ఏలిన కలెక్టరు థామస్ మన్రో. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1824 డిసెంబరు 31న తన ప్రభుత్వం గురించి తానే సుదీర్ఘమైన మినిట్, అంటే అధికారిక అభిప్రాయపత్రం, రాశాడు. పెద్ద ఉద్యోగాలన్నిటికీ ఈ దేశస్థులను దూరంగా ఉంచితే జాతి మొత్తం దిగజారిపోతుందని, అలాంటి పాలన మంచి పాలన కాదని అందులో వాదించాడు. గవర్నరు గద్దె మీద ఉండగానే ఇంత నిక్కచ్చిగా తన సర్కారు రోగం చెప్పినవాడు అరుదు. కానీ రెండేళ్ల ముందు, 1822లో, ఇదే మన్రో పత్రికల మీద ఇంకో మినిట్ రాశాడు. పరాయివాళ్ల ఏలుబడి, స్వేచ్ఛగల పత్రిక ఒకే చోట ఇమడవని తేల్చేశాడు. రెండూ కలిపి చదివితేనే మన్రో మనసు తెలుస్తుంది. నాడి పట్టవచ్చు, రోగం పేరు చెప్పవచ్చు, అయితే తలుపులు మూసుకుని చెప్పాలి. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. రైతులు ఆయన్ని దేవుడిలా తలచుకున్నారు గానీ ఆయన రాసిన మినిట్లు వాళ్లు చదవలేదు.

తలుపులు తెరుచుకోవడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. ఈ మధ్యలో 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన రాతకు జైలుకు పోయారు. ఆయన బయటివారు. బయటివాడు తిడితే సర్కారు జైల్లో పెడుతుంది, తన మర్యాదకు వెలితి అనుకోదు. లోపలివాళ్లే వీధిలోకి వచ్చి చెప్పినప్పుడు ఏం జరుగుతుందన్నది మదనపల్లె దగ్గరుండి చూసింది.

దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు అనీబిసెంట్ 1914లో ‘మద్రాస్ స్టాండర్డ్’ కొని ‘న్యూ ఇండియా’గా మార్చారు. మరుసటి ఏడు మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల వెలిసింది. పత్రిక మద్రాసులో, కళాశాల ఇక్కడ అయినా రెండింటికీ ఊపిరి ఒకటే. ఆమె బ్రిటిష్ సామ్రాజ్యాన్ని కాదన్న మనిషి కాదు. వైస్రాయిలతో, పార్లమెంటు సభ్యులతో నేరుగా మాట్లాడగల ఆమె, సామ్రాజ్యంలోనే ఉంటూ స్వపరిపాలన కావాలన్నారు. అందుకే మద్రాసు గవర్నరు పెంట్లండ్ ప్రభుత్వానికి ఆ రాతలు మరింత గుచ్చుకున్నాయి. 1916 మేలో 2,000 రూపాయల ధరావతు కట్టమన్నారు. ఆగస్టులో అది జప్తయింది. ఆపైన 10,000 కట్టమన్నారు. ఆమె కట్టి పత్రిక నడిపారు.

అదే ఏడాది ఈస్టర్‌కు డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగింది. ‘న్యూ ఇండియా’లో సాహిత్య ఉపసంపాదకుడిగా ఐర్లండ్ కవి జేమ్స్ కజిన్స్ పనిచేస్తున్నారు. తిరుగుబాటుదారులను మెచ్చుకుంటూ ఆయన రాసిన వ్యాసం అచ్చయింది. బిసెంట్ ఆయన్ని పత్రిక నుంచి తప్పించాల్సి వచ్చింది. వదిలేయలేదు, మదనపల్లె కళాశాలలో ఇంగ్లీషు చెప్పడానికి పంపారు. సర్కారు పత్రికను శిక్షిస్తుంటే పత్రిక తన ఉపసంపాదకుడిని శిక్షించింది. ఈ రెండోది చెప్పుకోవడం మన పత్రికల చరిత్రలకు అంత ఇష్టం ఉండదు, కానీ చెప్పుకోవాలి. చేతిలో నిప్పు పట్టుకున్నవాళ్లు ఎవరి చేయి ముందు కాలుతుందో చూసుకున్నారు.

1917 జూన్‌లో బిసెంట్‌ను, ఆమె సహచరులు అరండేల్‌ను, వాడియాను నిర్బంధించారు. స్వపరిపాలన కోరే హోంరూల్ ఉద్యమంలో విద్యార్థులు దిగినందుకు మదనపల్లె కళాశాలకు మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోయింది. పట్టా ఎందుకూ కొరగాకుండా పోతుందని తెలిసినా పిల్లల్ని అక్కడే ఉంచిన తల్లిదండ్రుల సంగతి ఏ పుస్తకంలోనూ పెద్దగా కనబడదు. అప్పట్లో డిగ్రీ అంటే గుమాస్తా ఉద్యోగం, కచేరీలో కుర్చీ. దాన్ని పణంగా పెట్టినవాళ్లు వాళ్లు.

ఆ జూన్‌లోనే ఇంకొకరు ముందుకొచ్చారు. సర్ ఎస్. సుబ్రహ్మణ్య అయ్యర్‌కు అప్పుడు 74 ఏళ్లు. మద్రాసు హైకోర్టు జడ్జిగా చేశారు, తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగానూ కూర్చున్నారు, విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పీఠం ఎక్కారు. సర్కారు లోపల అంతకంటే లోతుకు వెళ్లిన భారతీయుడు ఆ రోజుల్లో దొరకడం కష్టం. అప్పటికి ఆయన హోంరూల్ లీగ్ గౌరవాధ్యక్షుడు. 1917 జూన్ 24న అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్‌కు ఉత్తరం రాశారు. తపాలాలో వేస్తే దొరికిపోతుంది గనక అమెరికన్ దంపతుల చేతికిచ్చి పంపారు. మా దేశంలో పరాయివాళ్లు ఎలా ఏలుతున్నారో, జీతాలు ఎవరికి పోతున్నాయో, నోరు ఎలా నొక్కుతున్నారో అందులో చెప్పుకున్నారు.

ఆ ఉత్తరం చేరింది కూడా సర్కార్ల నాడి చూసినవాడికే. విల్సన్ రాజకీయాల్లోకి రాకముందు పండితుడు. 1885లో ఆయన అచ్చువేసిన తొలి పుస్తకమే అమెరికా ప్రభుత్వం ఒంట్లో ఎక్కడ జబ్బు ఉందో వెతికిన పుస్తకం. అధికారమంతా కాంగ్రెస్ కమిటీల గదుల్లో చిక్కుకుపోయిందని, ఎవరిది బాధ్యతో జనానికి తెలియడం లేదని అందులో రాశారు. తలుపులు మూసిన గదుల మీద అంత కోపగించిన మనిషి, ఇంకో దేశంలో మూసిన గదుల గురించి వచ్చిన ఉత్తరం మీద చేసిందేమీ లేదు. ఆయన చుట్టూ ఉన్న పత్రికా రచయితల్లో వాల్టర్ లిప్‌మన్ ఒకరు. యుద్ధానంతర శాంతి షరతుల తయారీలో సర్కారు లోపలికి వెళ్లి పనిచేశారు. వెర్సాయ్ ఒప్పందం వచ్చాక బయటికి వచ్చి దాన్నే ఎదిరిస్తూ రాశారు. 1920లో చార్లెస్ మెర్జ్‌తో కలిసి, రష్యా విప్లవం గురించి న్యూయార్క్ టైమ్స్ వేసిన వార్తలు ఎంతవరకు నిజమో పరీక్షించి ప్రకటించారు. సర్కారు నాడి చూసే వైద్యుడికీ జబ్బు ఉండవచ్చని ఒప్పుకున్న తొలి పరీక్షల్లో అదొకటి.

మద్రాసు నుంచి విల్సన్‌కు వెళ్లిన ఆ ఉత్తరం లండన్‌లో అలజడి రేపింది. భారత వ్యవహారాల మంత్రి మాంటేగు తీవ్రంగా ఆక్షేపించారు. దానికి జవాబుగా సుబ్రహ్మణ్య అయ్యర్ 1918లో తన సర్ బిరుదును, దివాన్ బహదూర్ బిరుదును తిరిగి ఇచ్చేశారు.

1919 ఫిబ్రవరి చివర్లో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లె వచ్చారు. గుర్తింపు పోయిన కళాశాలను చేరదీసిన జాతీయ విశ్వవిద్యాలయానికి ఆయన కులపతి. కజిన్స్ దంపతులు అక్కడే ఉన్నారు. ఒక రాత్రి పిల్లలతో కూర్చుని టాగూర్ జనగణమన పాడారు. మార్గరెట్ కజిన్స్ ఆ రాగానికి స్వరలిపి రాసుకున్నారు. ఫిబ్రవరి 28న కవి తన చేత్తో దాని ఇంగ్లీషు అనువాదం రాసిచ్చారు. ఊళ్లో ఎవరినడిగినా ఈ ముచ్చట చెబుతారు. ఆ గదిలో కూర్చున్నది ఎవరో మాత్రం మరిచిపోతారు. పత్రికలోంచి వెళ్లగొట్టబడిన ఒక ఉపసంపాదకుడు, పట్టా లేని చదువు చదువుతున్న పిల్లలు, మరో మూడు నెలలకు, జలియన్‌వాలాబాగ్ తర్వాత, తన సర్ బిరుదు వెనక్కి ఇవ్వబోతున్న కవి.

బిసెంట్ మాత్రం ఆ వేసవికే వెనకబడ్డారు. గాంధీ సత్యాగ్రహం ఆమెకు రుచించలేదు. 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలైన మనిషి రెండేళ్లలో ఒంటరి అయ్యారు. ఎంత లోపలివారైనా జనం నడక పట్టుకోలేకపోతే చేతికి నాడి అందదు.

స్వాతంత్ర్యం వచ్చాక కథ మరో దారి పట్టింది. 1948 చట్టంతో పుంగనూరు, కంగుంది జమీందారీలు పోయాయి. అంతా సర్కారే అయింది. నార్ల వెంకటేశ్వరరావు ‘ఆంధ్రప్రభ’లోనూ, 1960 నుంచి ‘ఆంధ్రజ్యోతి’లోనూ సంపాదకీయాలు రాస్తూనే రాజ్యసభలో కూర్చున్నారు. పాత పద్ధతి మనిషి ఆయన. తర్వాతివాళ్లు దిగిపోయాకే నోరు విప్పారు. వరంగల్లులో ‘కాకతీయ’ పత్రిక నడిపిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి, ప్రధానమంత్రి అయ్యి, పదవి పోయాక 1998లో ‘ది ఇన్‌సైడర్’ ప్రచురించారు. తెలుగులో అది ‘లోపలి మనిషి’. లోపల చూసిందంతా చెప్పారు, కానీ నవల ముసుగు వేసి, ఊళ్ల పేర్లు మార్చి చెప్పారు. అందులోని భూసంస్కరణల రాజకీయం చదివితే మనసు బరువెక్కుతుంది. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న 1972లోనే ఆ మాటలు సూటిగా అచ్చయి ఉంటే రాష్ట్రం మరోలా ఉండేదేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

1989 నుంచి కుప్పానికి శాసనసభ్యుడిగా ఉన్న చంద్రబాబు నాయుడు 1995 సెప్టెంబరు 1న ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాది రాష్ట్ర ఆర్థిక పరిస్థితిపై ప్రభుత్వమే శ్వేతపత్రం వేసి చర్చకు పెట్టింది. కరణం మూటలోని లెక్క పేపర్లో పడ్డట్టే. మన్రో ఊహించని పని ఇది. ఆ లెక్కల దారిలోనే రెండు రూపాయల కిలో బియ్యం మూడున్నర అయింది, 1997లో మద్యనిషేధం పోయింది. 1999లో మెకిన్సే సాయంతో ‘విజన్ 2020’ వచ్చింది. కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం, 2002లో హెచ్‌పీ కంపెనీ మొదలుపెట్టిన ఐ-కమ్యూనిటీ అనే కంప్యూటర్ సేవల పథకం చూడ్డానికి దూరాల నుంచి విలేకరులు వచ్చారు. ఐ.ఎ.ఎస్. వదిలేసి 1996లో బయటికొచ్చిన జయప్రకాశ్ నారాయణ లోక్‌సత్తా పేరుతో అదే సర్కారును వేరే త్రాసులో తూచారు. శ్వేతపత్రం మంచి అలవాటే. 2014లో వచ్చాయి, 2024లో మళ్లీ వరసగా వచ్చాయి. అయితే కొత్త సర్కారు పాత సర్కారు జబ్బులు చెప్పడం సులువు. తన జబ్బు తానే, కుర్చీలో ఉండగా చెప్పుకున్న మన్రో మినిట్ లాంటిది ఈ కాలంలో నాకు కనబడలేదు.

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. అడంగళ్లు కంప్యూటర్లకు ఎక్కాయి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. తర్వాత ప్రభుత్వం పంపిన రెవెన్యూ ఉన్నతాధికారి వచ్చి అర్జీలు తీసుకుంటున్నారని తెలిసి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం బారులు తీరారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో సర్వే నంబరు ఉన్న కాగితం. ఆ వరసలో నిలబడ్డవాళ్లు ఎవరూ లోపలివాళ్లు కారు.