అద్దం వెనక చేప: మ్యాక్రో లెన్స్‌కు చరిత్ర చెప్పే జవాబు

శీతకాలం వచ్చిందంటే తడ, సూళ్లూరుపేట వైపు పులికాట్ ఒడ్డున కెమెరాలు బారులు తీరతాయి. ఫ్లెమింగోలకూ గూడబాతులకూ లెక్కలేనన్ని ఫోటోలున్నాయి. ఆ గూడబాతుల కడుపు నింపే చేపలు బతికుండగా ఎలా ఉంటాయో చూపే ఫోటోలు మాత్రం అరుదు. ఇందులో ఫోటోగ్రాఫర్ల తప్పేమీ లేదు. చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు అయినా లోతు తక్కువ; గాలి వీస్తే అడుగు బురద పైకి లేస్తుంది. అలాంటి నీళ్లలో కెమెరా ముంచి లాభం లేదు. ఇక్కడి పండుగప్ప పిల్లనో చిన్న రొయ్యనో ప్రాణంతో దగ్గరగా చూపాలంటే అక్వేరియం అద్దమే దారి. ట్యాంకు లోపలి భాగంలో తిరిగే ప్రాణికి ఏ మ్యాక్రో లెన్స్ తగినది? అది వస్తువును ఎంత పెద్దదిగా చూపిస్తుందన్న లెక్కతో ఈ ప్రశ్న తేలదు. ఎంత దూరం నుంచి, ఎంత సూటిగా చూడగలదన్న లెక్కతోనే తేలుతుంది. చేపను మనిషి చూస్తూ వచ్చిన చరిత్రే ఈ వాదానికి ఆధారం.

కోరమాండల్ తీరపు చేపలను బొమ్మల్లో భద్రపరిచిన తొలినాటి పెద్ద ప్రయత్నాల్లో ఒకటి విశాఖపట్నంలో జరిగింది. ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అక్కడ సేకరించిన 200 చేపల వర్ణనలు, బొమ్మలు 1803లో లండన్‌లో 2 సంపుటాలుగా వచ్చాయి. స్థానికులు పలికే తెలుగు పేర్లు వాటిలో నిలిచాయి. 1875–78 మధ్య ఫ్రాన్సిస్ డే భారతదేశపు చేపల మీద మహా గ్రంథం వెలువరించాడు. రెండింటిలోనూ చేప నీళ్ల బయటిదే, పక్కకు తిప్పి పరిచినదే. పొలుసులు లెక్కపెట్టవచ్చు, ఒడ్డున పడగానే వెలిసిపోయే రంగూ, ఈదేటప్పుడు రెక్క విప్పే తీరూ దొరకవు. బ్రిటన్‌లో 1845లో గాజు మీద పన్ను రద్దవడంతో గాజు తొట్లకు దారి సుగమమైంది. 1853లో లండన్ జంతుశాలలో చేపల గృహం తెరిచారు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ చొరవతో మద్రాసు మెరీనాలో అక్వేరియం వెలసింది. అలా చేప ప్రాణంతో కంటి ముందుకొచ్చింది. దాంతోపాటు ఒక అధికారం చేతులు మారింది: బల్ల మీది చేపకు దూరం చిత్రకారుడు నిర్ణయిస్తాడు, ట్యాంకులో ఆ దూరాన్ని చేపే నిర్ణయిస్తుంది.

లెన్సుల చరిత్రలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. 1955లో వచ్చిన కిల్ఫిట్ మ్యాక్రో-కిలార్ 40 మి.మీ.ల పొట్టి లెన్స్. 1956లో నికాన్ తెచ్చిన 5 సెం.మీ. మైక్రో-నిక్కోర్ పత్రాలను మైక్రోఫిల్ముకెక్కించడానికి పుట్టింది. కాగితం కదలదు, బెదరదు. దాని మీదికి ఎంత వంగినా పరవాలేదు. 1962లో అదే సంస్థ వైద్యుల కోసం 200 మి.మీ. మెడికల్-నిక్కోర్ చేసింది, ఎందుకంటే శస్త్రచికిత్స బల్ల దగ్గర రోగికి ఎడంగా నిలబడాలి. 1975లో 105 మి.మీ. మైక్రో-నిక్కోర్, 1979లో టామ్రాన్ 90 మి.మీ. వచ్చాయి. దగ్గరికి పోలేని వస్తువు కోసం పొడవు పెంచిన వరస ఇది. అక్వేరియం చేప ఈ వరసకే చెందుతుంది, కాగితం వరసకు కాదు.

దీనికి కాంతి శాస్త్రం బలమైన కారణం చూపిస్తుంది. నీటి వక్రీభవన గుణకం 1.33. అందువల్ల అద్దానికి 40 సెం.మీ. వెనక ఉన్న చేప 30 సెం.మీ. దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. సూటిగా వచ్చే కిరణాలకు ఇది పెద్ద చిక్కు కాదు. ఏటవాలుగా వచ్చేవి మాత్రం వంగి, రంగులు విడిపోయి, అంచులు మసకబారతాయి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో దూరపు దృశ్యానికి 50 మి.మీ. లెన్స్ మూల నుంచి మూలకు సుమారు 47 డిగ్రీలు చూస్తుంది, 100 మి.మీ. సుమారు 24, 200 మి.మీ. సుమారు 12. కోణం తగ్గిన కొద్దీ చిత్రంలోని ప్రతి కిరణమూ అద్దాన్ని దాదాపు సూటిగా దాటుతుంది. ఇక చేరువ లెక్క: 1:1 దగ్గర, అంటే వస్తువు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేటప్పుడు, 100 మి.మీ. మ్యాక్రోకు లెన్స్ ముందు సుమారు 14 సెం.మీ. చోటు మిగులుతుంది. లెన్స్‌ను అద్దానికి ఆనిస్తే, అద్దం మందం పక్కన పెడితే, నీళ్లలో 18 సెం.మీ. లోపలిదాకా ఆ పరిమాణంలో తీయవచ్చు. 60 మి.మీ. లెన్సులకు ఆ చోటు సాధారణంగా 10 సెం.మీ. లోపే.

పొడవాటి లెన్స్ వాడితే మధ్యలో నీరు పెరిగి చిత్రం పలచబడదా అని కొందరు అడగవచ్చు. చేపకూ అద్దానికీ మధ్య నీరు చేప నిలిచిన చోటును బట్టి ఉంటుంది. ఫోటోగ్రాఫర్ వెనక్కి జరిగితే పెరిగేది గాలి మాత్రమే. ఆ గాలిలోంచి అద్దం మీద పడే ప్రతిబింబాలను గది దీపాలార్పి, లెన్స్ చుట్టూ నల్లగుడ్డ కట్టి ఆపవచ్చు. వెలుతురు తక్కువైన ట్యాంకులో పొడవాటి లెన్స్‌కు చేతి వణుకు ఎక్కువ తగులుతుందన్న అభ్యంతరం ఇంతకంటే గట్టిది. స్టెబిలైజర్ చేతిని ఆపుతుంది గానీ ఈదే చేపను ఆపలేదు. అందుకే 200 మి.మీ. దాకా పోకుండా f/2.8 గల 90–105 మి.మీ. దగ్గర ఆగడం తెలివైన పని. అవసరమైన వెలుగు ట్యాంకు పైనుంచి ఇవ్వాలి. మెడికల్-నిక్కోర్‌లో లెన్స్ చుట్టూ అమర్చిన రింగు ఫ్లాష్ వైద్యుడికి పనికొచ్చింది, ఇక్కడ మాత్రం అద్దంలో తిరిగి మెరుస్తుంది. ఫోన్ చాలదా అన్నవారికి జవాబు: అద్దానికి ఆనుకుని పాకే రొయ్యకు చాలు, వెనక రాతి సందున దాగిన చేపకు చాలదు. జానెడు వెడల్పు తొట్టి అయితే 60 మి.మీ. కూడా న్యాయమైన ఎంపికే.

కాబట్టి లెన్స్ కొనేముందు ట్యాంకు లోతు కొలవాలి, చేప సాధారణంగా ఎక్కడ తిరుగుతుందో గమనించాలి, ఆ తర్వాతే ధర చూడాలి. రస్సెల్ చేపకు పేరూ రూపమూ నిలిపి రెండు శతాబ్దాలు దాటింది. పులికాట్ చేపలకు బతికున్న రంగునూ కదలికనూ నిలపడం మన తరం బాధ్యత. అందుకు అత్యంత ఖరీదైన లెన్స్ అవసరం లేదు. చేప ఉంచిన దూరాన్ని గౌరవించే లెన్స్ చాలు.