సిలికా ధూళి

సిలికా ధూళి అనగా స్ఫటిక రూపములోని సిలికాన్ డయాక్సైడ్ పొడి. నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాల గ్రానైట్ నేలలలో తెల్లగా మెరిసే పలుగురాయి ఈ పదార్థమే. రాయిగా ఉన్నంతవరకు హాని లేదు, పొడి చేసినప్పుడే ప్రమాదం. పూర్వపు మహబూబ్ నగర్ జిల్లాలోని షాద్‌నగర్ (2016 నుండి రంగారెడ్డి జిల్లా) ప్రాంతంలో పలుగురాయిని పొడిచేసే కర్మాగారాలు వెలిశాయి. ఉక్కును కరిగించే ఇండక్షన్ కొలిమిల లోపలి పూతకు ఈ పొడి అవసరం.

కంటికి కనిపించని రేణువులు ఊపిరితిత్తుల గాలిగదుల వరకు చేరుతాయి. వాటిని మింగిన రక్షక కణాలు నశించి, ఆ చోట గట్టి మచ్చలు ఏర్పడతాయి. ఇదే సిలికోసిస్. సాధారణంగా 10 సంవత్సరాలు దాటాక బయటపడుతుంది. ధూళి మరీ అధికమైతే కొన్ని నెలలలోనే రావచ్చు. నయం చేసే మందు లేదు, పని మానినా వ్యాధి ముదరవచ్చు.

దగ్గు, ఆయాసం చూసి దీనిని క్షయగా పొరబడటం కద్దు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశం కూడా ఎక్కువే కనుక, ఏ పని చేశారని రోగిని అడగనిదే చిక్కు విడదు. 1948 ఫ్యాక్టరీల చట్టం దీనిని ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధిగా పేర్కొంది. అయితే హాజరుపట్టీలో పేరులేని కూలీకి నష్టపరిహారం రుజువు చేసుకోవటం కష్టం. స్ఫటిక సిలికా క్యాన్సర్ కారకమని 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ప్రకటించింది. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఈ రేణువులను ఆపలేదు. రాయిని తడపటం, ధూళిని పుట్టిన చోటనే పీల్చివేసే యంత్రాలు అమర్చటం అవసరం.